పద్నాలుగో నంబరు

సీజన్ మొదట్లో డెల్ఫిన్ చేతిలో ఉన్నవి మూడు గోనెల పసుపు జెర్సీలు.

బాడుగకి తిప్పే ఒక్క ట్రైసికిల్‌నీ అమ్మి కుట్టించాడు. వీపు మీద హబగాత్ పెయింట్స్ బాస్కెట్‌బాల్ జట్టు తెచ్చుకున్న కొత్త విదేశీ ఆటగాడు బ్రాక్స్‌టన్ పేరు, దాని కింద అతని నంబరు పద్నాలుగు.

లెక్క బాగానే వేశాడు. ఆ మనిషి మొదటి ఆటలోనే రింగు పట్టుకుని వేలాడాడు. జనం వెర్రెత్తిపోయారు.

లెక్కలో మరిచింది ఒక్కటే. మనీలాలో విదేశీ ఆటగాడు చేపలాంటి సరుకు. వరసగా ఓడితే వాసన మొదలవుతుంది, వాసన మొదలైతే విమానం ఎక్కించేస్తారు.

బ్రాక్స్‌టన్‌ని ఎక్కించేశారు.

జెర్సీలు మిగిలాయి. డెల్ఫిన్ ఉండే ఒంటిగదిలో తలుపు తెరవాలంటే గోనె జరపాలి, గోనె జరిపితే పొయ్యికి అడ్డం. పిల్లలు వాటి మీదే పడుకుంటున్నారు. నడపడానికి ట్రైసికిల్ లేదు, జెర్సీలు అమ్ముదామంటే బేరం లేదు. అడకత్తెరలో పోకచెక్క బతుకు.

అయినా ఆట ఉన్న ప్రతిరోజూ ఒక గోనె మోసుకొచ్చి, కొలీజియం గేటు పక్కన ఫ్లైఓవర్ కింద పరిచేవాడు.

అక్కడికే వచ్చాడు ఆ ముసలాయన. పొట్టి మనిషి. తలకు టోపీ, మెడ చుట్టూ తువ్వాలు, ఆగని దగ్గు.

"స్కోరెంత బాబూ?"

"లోపలికెళ్లి చూడొచ్చుగా తాతా!"

"ఈ దగ్గుతోనా? చుట్టుపక్కలవాళ్లని ఆట చూడనిస్తానా?"

ముసలాయన ఒక జెర్సీ తీసి, అంకెని వేలితో నిమిరాడు.

"ఇతనికిచ్చారా ఈ నంబరు?"

"ఇచ్చారు, లాక్కున్నారు. నా కొంప ముంచారు. అంకె కూడా పీకేసి వట్టి పసుపు చొక్కాలుగా అమ్మేస్తా."

"పేరు తీసెయ్. అంకె ఉంచు."

"ఎందుకు? నువ్వు కొంటావా?"

"ఒకటి కొంటాలే. నా కోసం దాచిపెట్టు."

పక్కనే చేప ఉండలు వేయిస్తూ, డెల్ఫిన్‌ని అన్న వరసతో 'కూయా' అని పిలిచే పసింగ్ పకపకా నవ్వింది. "ఇంకేం కూయా డెల్ఫిన్, మూడు గోనెలకీ గిరాకీ దొరికినట్టే!"

డెల్ఫిన్ భార్య ఇస్త్రీపెట్టె వేడిమీద పేర్లు మెత్తబరిచి ఊడదీసింది. అంకెలూ తీయబోతే గుడ్డ చిరిగింది. దాంతో పద్నాలుగు అలాగే ఉండిపోయింది.

కొత్త విదేశీ ఆటగాడు దిగాడు. అయినా జట్టు ఓడింది. మళ్లీ ఓడింది. ముసలాయన మాత్రం ప్రతి ఆటకీ వచ్చి డెల్ఫిన్ పక్కనే నిలబడేవాడు.

పసింగ్ చెవిలో ఊదింది. "ఆయన వచ్చినప్పట్నుంచీ ఒక్క ఆట గెలిచామా? పాదం మంచిది కాదు కూయా. పంపించెయ్."

మునిగేవాడికి కారణం ఒకటి దొరికితే చాలు.

"తాతా, ఏమనుకోకు. నువ్విక్కడ నిలబడితే మనవాళ్లు ఓడుతున్నారు. రోడ్డు దాటి ఆ ఎదుటి జట్టు జెర్సీల దగ్గర నిలబడు. వాళ్లకి అంటుకుంటుంది నీ శని."

ముసలాయన కోప్పడలేదు. తువ్వాలు సర్దుకున్నాడు.

"సరే బాబూ. ఒక్కోసారి మనం పక్కకి తప్పుకుంటేనే జట్టు గెలుస్తుంది."

వానలో మెల్లగా రోడ్డు దాటాడు.

ఆ రోజు హబగాత్ గెలిచింది!

"చెప్పానా?" అంది పసింగ్.

ఆ తర్వాతా గెలిచింది. ముసలాయన అవతలి జెర్సీల దుకాణం పరదా కింద నుంచే కనుబొమలెగరేసి స్కోరు అడిగేవాడు. డెల్ఫిన్ బొటనవేలు పైకెత్తేవాడు. ముసలాయన దగ్గుతూనే నవ్వేవాడు.

సెమీఫైనల్స్ మధ్యలో ఆయన రావడం మానేశాడు.

"పీడ విరగడైంది," అంది పసింగ్.

డెల్ఫిన్ అవునన్నాడు. జట్టు ఫైనల్‌కి చేరింది. కానీ గోనెలు కదల్లేదు. వెళ్లిపోయినవాడి అంకె ఎవరికి కావాలి?

ఆఖరి ఆట రోజున గేట్లు తెరవకముందే జనం అతని మీద విరుచుకుపడ్డారు.

"పద్నాలుగుందా?"

"నాకు రెండు!"

"మా నాన్నకి పెద్ద సైజు!"

డెల్ఫిన్‌కి ఏమీ అర్థం కాలేదు. "ఏమైందండీ?" అని ఒకాయన్ని అడిగాడు.

"తెలీదా? కెప్టెన్ ఎల్పిడియో పోయారు. జట్టుకి మొట్టమొదటి కప్పు తెచ్చిన మనిషి. ఇవాళ ఆయన నంబరుని లోపల పైకప్పుకి ఎత్తి కడుతున్నారు. ఇక ఎవరికీ ఇవ్వరు."

మొదటి కప్పంటే డెల్ఫిన్ పుట్టకముందు మాట. ఆ పేరు విన్నాడేమో, ముఖం ఎరగడు. అయినా చచ్చినవాడి పుణ్యమా అని సరుకు కదిలిందని మనసులోనే దండం పెట్టుకున్నాడు.

భార్యకి కబురు పంపి మిగిలిన గోనెలూ తెప్పించాడు. మూడూ ఇంచుమించు ఖాళీ అయ్యాయి.

చివరి జెర్సీ కోసం ఇద్దరు కొట్టుకుంటుంటే వెనక్కి లాక్కున్నాడు.

"ఇది అమ్మను. ఒక తాతకి మాటిచ్చాను."

"ఆ శని తాతకా? ఎప్పుడొస్తాడని!" అంది పసింగ్.

"వస్తాడు. ఇవాళ ఫైనల్. ఈసారి ఇక్కడే నిలబెట్టుకుంటా."

రోడ్డు అవతలి పరదా వైపు చూశాడు. ఎవరూ లేరు.

అప్పుడే గేటు మీద ఆ రోజుకని కట్టిన పెద్ద తెర వెలిగింది. పసుపు జెర్సీలో ఒక పొట్టి కుర్రాడు బంతితో దూసుకుపోతున్నాడు. వీపు మీద పద్నాలుగు. జనం టోపీలు తీశారు.

ఆ బొమ్మ పోయి, ఈమధ్య తీసిన ఫోటో వచ్చింది. తలకు టోపీ. మెడ చుట్టూ తువ్వాలు.

పసింగ్ గరిటె కింద పెట్టేసింది.

సీజన్ ముగిసేసరికి డెల్ఫిన్ చేతిలో మిగిలింది ఒక్క జెర్సీ. దాని అసలు సొంతదారుని వానలో రోడ్డు దాటించింది తనే.