క్షమించే సీను

“కట్! మళ్ళీ ఆగిపోయారు పెద్దాయనా,” అన్నాడు అసిస్టెంటు.

ముసలి నటుడు పిస్తోలు దించాడు. ఇదే కథని ఆయన సగం జీవితం స్టేజీ మీద ఆడాడు. తమ్ముణ్ణి చంపినవాడు కాళ్ళ మీద పడి ఏడుస్తాడు. అయినా అన్న వాడి గుండెల్లో కత్తి దింపుతాడు. తెర పడుతుంది.

సినిమాలో కోట పోయి ఫ్యాక్టరీ వచ్చింది, కత్తి పోయి పిస్తోలు వచ్చింది. ముగింపూ మారింది. అన్న పిస్తోలు పారేసి “క్షమించాను, పో” అనాలి. ఆ ఒక్క ముక్కే ఆయన నోట్లోంచి ఊడిపడటం లేదు.

విలన్ తన షాట్లు ముగించుకుని వెళ్ళిపోయాడు. క్లోజప్పులో కనబడేది ముసలాయన మొహమే కాబట్టి, ఎదురుగా ఎవరో ఒకరు కూర్చుని డైలాగు అందిస్తే చాలు. అది అసిస్టెంట్ల పని. ఇవాళ మాత్రం దర్శకుడే మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

“తప్పు చేశాను. క్షమించండి,” అన్నాడు. తల నేలకి ఆనించాడు.

“విలన్ కంటే ఈయనే నయంరా,” అని గొణిగాడు లైట్‌మన్.

ముసలాయన పక్కకి తిరిగాడు.

“పోనీ పెదాలు కదపండి సార్. డబ్బింగ్ ఇంకొకరితో చెప్పిస్తాం,” అన్నాడు అసిస్టెంటు.

“వద్దు,” అన్నాడు దర్శకుడు లేవకుండానే. “ఆయన నోటితోనే రావాలి.”

ముసలాయన పిస్తోలు బల్ల మీద పెట్టి మేకప్ గదిలోకి నడిచాడు. అసిస్టెంటు వెంటపడ్డాడు.

“ఇదేం పంతమండీ? ఎవరికీ గుర్తులేని మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి హీరోని చేశాడాయన. మీరు వెళ్ళిపోతే సినిమా అటకెక్కుతుంది. ఇంక మిమ్మల్ని పిలిచే నాథుడుండడు.”

“ఉండడు.”

“ఆఖరి సీను చదివేగా ఒప్పుకున్నారు?”

“చదివే ఒప్పుకున్నా.”

“మరి అప్పుడే కాదనాల్సింది! అయినా నాటకమేగా, అనేస్తే మీ సొమ్మేం పోయింది?”

“నాటకమైతే అనేవాణ్ణే.”

రంగు తుడుచుకుని ఇంటికొచ్చాడు. భార్య పోయాక ఆ ఒంటిగది ఇంట్లో ఆయన్ని పలకరించేది తాళం చప్పుడొక్కటే. ఒక పళ్ళెం, ఒక గ్లాసు. అన్నం వండుకున్నాడు. చల్లారేదాకా దాని వంకే చూస్తూ కూర్చున్నాడు.

తలుపు చప్పుడైంది.

“ఇక్కడ కెమెరా లేదండీ,” అన్నాడు దర్శకుడు బయటినుంచి. “ఇప్పుడైనా అనండి.”

ముసలాయన లేచి వెళ్ళి లోపల గడియ పెట్టాడు.

ఆయన భార్య పోయింది ఆ దర్శకుడి కారు కిందే.