అడుగున మిగిలిన పాలు

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం ఈ మందు ఆపేస్తారేమోనని, బిడ్డ మళ్లీ తనకు దూరమైపోతాడేమోనని. మాటలు రాక తన లోకంలో తానుండే పిల్లలకు మూర్ఛమందు పనికొస్తుందేమోనని ఆ ఆసుపత్రిలో పరీక్షిస్తున్నారు. ఆ పిల్లల్లో ఆమె కొడుకూ ఒకడు.

"ఏమ్మా, మందు పారబోస్తున్నావా?" అన్నాడు డాక్టరు.

"అయ్యో, లేదు సార్. నా చేత్తోనే పాలల్లో కలిపి పడుతున్నా."

"మరి వీడి రక్తంలో మందు జాడే సరిగ్గా లేదే. ఇలా అయితే ఈ పరీక్షలో వీడి చోటు ఇంకో బిడ్డకు ఇవ్వాల్సి వస్తుంది."

"మందు పనిచేస్తోంది సార్. ఇదివరకు వంటింటి గుమ్మం దాకా వచ్చి, చెవులు మూసుకుని మంచం కిందికి దూరేవాడు. ఇప్పుడు వచ్చి నా పక్కనే కూర్చుంటున్నాడు. మొన్న నా వేళ్లతో ఆడుకున్నాడు కూడా."

జుట్టు నెరిసిన నర్సు పాలగ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఇంట్లో ఎలా పడతావో అలాగే పట్టమ్మా, చూద్దాం."

ఆమె మందు వంపి చెంచాతో తిప్పింది. చిక్కటి మందు, నెమ్మదిగా అడుక్కి దిగిపోయింది. పిల్లవాడు పైపైన రెండు గుక్కలు తాగి మూతి తిప్పుకున్నాడు.

"ఇంకొక్క గుక్క, మా నాన్న కదూ."

వాడు కిటికీ వైపు తిరిగాడు. వాడి మూతి తుడిచి, మిగిలిన పాలు తను గడగడా తాగేసింది. అడుగున అంటుకున్నది కూడా వేలితో తీసి నాకింది.

నర్సు ఖాళీ గ్లాసు ఎత్తి డాక్టరుకు చూపించింది.

"రోజూ ఇంతేనా?" అన్నాడు డాక్టరు.

"బిడ్డ ఎంగిలి పారబోస్తామా సార్? నా పొద్దుటి తిండి అదేగా." అన్నాక గానీ ఆమెకు తట్టలేదు. నాలుక కరుచుకుంది. "అంటే... మందంతా నాకే పోయిందా?"

డాక్టరు తల పట్టుకున్నాడు. "మనసు నిలకడ తప్పిన పెద్దవాళ్లకూ ఇస్తాం దీన్ని," అని గొణిగాడు.

నర్సు కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఈమధ్య నీకెలా ఉందమ్మా?"

అడిగింది తననేనా అన్నట్టు ఆమె వెనక్కి తిరిగి చూసింది. మొగుడు పొద్దున పోతే పడుకునే వేళకు వస్తాడు. ఫోను చేసేవాళ్లంతా పిల్లవాడి సంగతే అడుగుతారు.

"నాకేమండీ, బాగానే ఉన్నా. నిద్ర పడుతోంది. ఈ మందు మొదలెట్టాక, వంటింట్లో కూర్చుని గట్టిగా ఏడవడం మానేశాను."

ఇలాంటి పిల్లవాడు మీ ఎరుకలో ఉంటే, వాడి సంగతి తర్వాత. ముందు వాళ్లమ్మను ఓసారి పలకరించి రండి.