నాలుక పరీక్ష

"ఛీ! తియ్యరా నోట్లోంచి!" అని అక్క అరిచింది.

తమ్ముడు తియ్యలేదు. ఏనాడో రాయైపోయిన నత్తని నాలుక చివర ఆనించుకుని, కూరలో ఉప్పు చూసే వంటవాడిలా తలాడించాడు.

"క్వారీదే," అంటూ ఎడమ ట్రేలో పడేశాడు.

మ్యూజియంలో ఆ రాళ్ల గది అక్కది. రెండు చోట్ల దొరికిన సముద్రజీవుల శిలాజాల్ని పక్కపక్కన పెట్టి పోల్చే ప్రదర్శన రేపే. క్వారీ నుంచి కొన్నీ, సముద్రపు గట్టు నుంచి కొన్నీ ఏరుకొచ్చింది తమ్ముడు. తీరం నుంచైతే తెచ్చాడు గానీ మనిషికో తీరుండొద్దూ! రెండు సంచులూ ఇంట్లో ఒకే అట్టపెట్టెలో కుమ్మరించి, అదే పట్టుకొచ్చాడు. ఒక్కటి తారుమారైనా గది తాళాలు ఇచ్చి వెళ్లమన్నాడు డైరెక్టర్.

"శంఖంలో పోస్తేగానీ తీర్థం కాదన్నట్టు, నీ నోట్లో పడితేగానీ శిలాజం కాదా?"

"నాకితేగానీ నాకు తెలీదక్కా! క్వారీవి సుద్దవి, నాలుక్కి అతుక్కుంటాయి. గట్టువి అతుక్కోవు. శిలలకి శీలపరీక్ష!"

ఆల్చిప్ప మీంచి చొంగ దారంలా సాగింది. రేపు జనం అద్దానికి ముక్కు ఆనించి చూడబోయేది కోట్ల ఏళ్ల జీవుల్ని కాదు, వీడి ఎంగిలిని!

చివరికి ఒక్క పగడం ముక్క మిగిలింది. అరచేతిలో పట్టేంత, ఒళ్లంతా చిల్లులు.

తమ్ముడు నాలుక బయటపెట్టాడు. సున్నం కొట్టిన గోడలా ఉంది. "ఇంక దీనికేం తెలీడం లేదక్కా. నువ్వు నాకు."

"నేనా? చస్తే నాకను!"

"అయితే తాళాలు నాకివ్వు, డైరెక్టర్‌కిచ్చేస్తా."

అక్క ఆ పగడాన్ని చీరకొంగుతో ఏడుసార్లు తుడిచింది. ముక్కు మూసుకుంది. కళ్లు మూసుకుంది. ఆఖరికి, తప్పదు కాబట్టి, నోరు తెరిచింది.

"అతుక్కుందా?"

"లేదురా..." మొహం వంకర్లు పోయింది. "నురగొస్తోంది!"

తమ్ముడు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "అయ్యో అక్కా! పొద్దున్నించీ మా మామగారు కాళ్ల పగుళ్లు రుద్దుకునే రాయి కనపడక బాత్రూమంతా వెతుకుతున్నారే!"