తేలికైన పుస్తకం

“ఒంటె పేరు నాకెందుకు అల్లుడూ?” అంది ఫీరా. “ఒంటెక్కి రొట్టెల కొట్టుకు పోతానా?”

“అక్కడికి వెళ్ళాక పనికొస్తుందత్తా,” అన్నాడు యెఫీమ్.

“అప్పటిదాకా బతికుంటే ఒంటెనే అడిగి తెలుసుకుంటాలే.”

బల్ల మీద రెండు బొమ్మల నిఘంటువులున్నాయి. రెండూ యూదుల భాష హీబ్రూవే. ఒకటి వాళ్ళు వెళ్ళాలనుకుంటున్న దేశానిది. అసలు పుస్తకం కాదు, దాని పేజీలను ఎవరో ఫోటోలు తీసి కడిగిన దొంతర. ఒంటెలు, నారింజ తోటలు, వెయ్యి మాటలు. రెండోది వాళ్ళకు చాటుగా హీబ్రూ నేర్పే జినోవీ పంతులు చేత్తో గీసిన నోటుబుక్కు. అందులో అన్నీ లెనిన్‌గ్రాద్ ఇళ్ళలో కనిపించేవే: టీ కెటిల్, ఉన్ని మేజోళ్ళు, మంచు బూట్లు, బంగాళాదుంపల బుట్ట. గీయడానికి అతనికి ఏడాది పట్టింది. ప్రపంచంలో అదొక్కటే ప్రతి.

ఒకటి ఉంచుకుని ఒకటి రేపు తిరిగి ఇమ్మన్నాడు జినోవీ. ఒకే ఇంట్లో రెండు దొరకకూడదని అతని నియమం.

ఆరేళ్ళ అస్యా నోటుబుక్కును వదలడం లేదు. భోజనాలయినప్పటినుంచి పదకొండు మాటలు పట్టేసింది. ఫోటోల దొంతరలోంచి ఒక్కటీ పట్టలేదు. పిల్లకే కాదు, ముసలిదానికీ నోటుబుక్కే తేలిక. ఆ మాట యెఫీమ్ కూడా ఒప్పుకున్నాడు.

ఒప్పుకోనిది అతని భార్య ఇన్నా. ఫోటోలు దొరికితే మనం పోతాం, నోటుబుక్కు దొరికితే జినోవీ పోతాడు అంది. ప్రతి గీతా అతని చేతిరాతే. పోయిన నెల పక్కవీధిలో ఇంకో పంతుల్ని పట్టుకుపోయారు. రెండేళ్ళు వేశారు. చేసిన నేరం హీబ్రూ అక్షరాలు నేర్పడం. అక్షరాలు నేర్చుకోవడానికి తలుపుకు గడియ పెట్టుకోవాల్సిన దేశం అది. పైకి మాత్రం అన్ని భాషలూ సమానమే. దేశం విడిచి పోతామని అర్జీ పెట్టిన పాపానికి యెఫీమ్ ఇంజనీరు ఉద్యోగం ఊడింది. ఇప్పుడు బాయిలరు కొలిమిలో బొగ్గు పోస్తున్నాడు.

తలుపు గంట మోగింది.

యెఫీమ్ తలుపు కన్నంలోంచి చూశాడు. పోలీసు టోపీ. ఇన్నా మాట్లాడకుండా కూతురి చేతిలోంచి నోటుబుక్కు లాక్కుని వంటింట్లోకి పోయింది. ఫోటోల దొంతర తీసే వ్యవధి లేకపోయింది.

వచ్చినవాడు ఆ పేట లెఫ్టినెంటు గ్లుష్కోవ్. ఒక్కడే వచ్చాడు. బూట్ల మంచు దులుపుకుని, పిలవకుండానే కుర్చీ లాక్కున్నాడు. అతని చూపు తిన్నగా బల్ల మీదికే పోయింది.

“ఇదేం భాష?”

“జార్జియా భాషండీ. మా అత్తగారి వైపు వాళ్ళది.” ఎవరైనా అడిగితే చెప్పాలని యెఫీమ్ మూడు నెలలుగా సాధన చేసిన మాట అది.

గ్లుష్కోవ్ ఒక ఫోటో అందుకున్నాడు. బొమ్మల కింద అంకెలున్నాయి. వాటి మీద వేలు పెట్టి కుడి నుంచి ఎడమకు జరిపాడు. ఒకటి, రెండు, మూడు.

“జార్జియా వాళ్ళు ఎడమ నుంచే రాస్తారు,” అన్నాడు నింపాదిగా. “మా పటాలంలో ఒకడుండేవాడు.”

గ్లుష్కోవ్ కేకలు వెయ్యలేదు, కాగితం తీసి రాసుకోనూ లేదు. అదే ఎక్కువ భయంగా ఉంది. వరసగా అడుగుతూ పోయాడు. ఇందులో ఎన్ని మాటలున్నాయి? అక్షరాల కింద గుణింతపు చుక్కలు అన్నింటికీ ఉన్నాయా, కొన్నింటికేనా? రోజుకు ఎన్ని మాటలు వస్తున్నాయి? పాప కూడా కూర్చుంటుందా? ముసలమ్మ?

“ముసలమ్మకు తన పేరే గుర్తుండదు నాయనా,” అంది ఫీరా. “నన్ను రాసుకోకు, నీ కాగితం దండగ.”

అతను నవ్వలేదు. వంటింట్లోంచి కాలిన వాసన వస్తోంది. ఫీరా లేచి కిటికీ రెక్క తెరిచింది.

“రెండోది ఏది?” అన్నాడు గ్లుష్కోవ్.

“రెండోదేం లేదండీ.”

“జినోవీ మీకు రెండు ఇచ్చాడు.”

ఆ పేరు కూడా ఇతనికి తెలుసు, అనుకున్నాడు యెఫీమ్. అంటే జినోవీని అప్పుడే పట్టుకున్నారు. కొట్టి చెప్పించారు. ఇక దాచడానికేముంది?

గ్లుష్కోవ్ లేచి వంటింట్లోకి నడిచాడు. ఇన్నా గ్యాసు పొయ్యి ముందు నిలబడి ఉంది. చివరి కాగితం ఆమె వేళ్ళ దగ్గరదాకా కాలింది. వదిలేసింది. గిన్నెలు కడిగే తొట్టి నిండా నల్లటి బూడిద.

“ఏం దొరకదు మీకు,” అంది అతని మొహంలోకి చూస్తూ. “నన్ను తీసుకుపోండి. అతని చేతిరాత ఎక్కడా లేదు.”

గ్లుష్కోవ్ తొట్టి మీదికి వంగాడు. రెండు వేళ్ళతో ఒక ముక్క పైకి తీశాడు. కాలగా మిగిలింది గోరంత, అందులో సగం మేజోడు. దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఇంకో ప్రతి ఉందా అని అడిగాడు. లేదంది ఇన్నా.

అతను టోపీ తీసి చేత పట్టుకుని వంటింటి స్టూలు మీద కూలబడ్డాడు. తల ఎత్తకుండానే అడిగాడు, ఆ ఫోటోలతో పిల్లలకు బొత్తిగా రాదా అని.



“మీరు వద్దన్నది నాకిస్తానన్నాడు జినోవీ. మా ఇంట్లో ఐదుగురం నేర్చుకోవాలి,” అన్నాడు.