సున్నం గీత పడిన చింతమాను

“సోమవారం పొద్దున గొడ్డలి పడతాది మామా! నీ మందను ఇంకో చోటికి తోలుకో,” అంటూ రోడ్డు మేస్త్రీ గిద్యోను చింతమాను చుట్టూ సున్నంతో గీత గీశాడు.

యల్లయ్యకు ఒళ్లు మండింది. గిద్దలూరు రోడ్డు పక్క పోరంబోకులో మిట్టమధ్యాహ్నం తనకూ, తన నలభై గొర్రెలకూ నీడంటే ఆ ఒక్క మానే.

“ఇదేం పాపం చేసిందబ్బా?”

“లోపలంతా తొర్ర. నువ్వు పడుకునే వైపే ఒరిగింది. జిల్లా బోర్డువాళ్ల చెట్టు మీద పడి మనిషి పోతే ఎవురు చెప్పాల జవాబు?”

“మా తాతనాడూ ఇట్లనే ఒరిగి ఉన్నింది. పడేదైతే ఎప్పుడో పడును, పో!”

యల్లయ్య ఇంటికొచ్చి చిందులు తొక్కాడు. భార్య గురమ్మ సంగటి కెలుకుతూ అంతా విన్నది.

“దీనికింత ఆరాటమేంది? పసుపు పూసి, బొట్లు పెట్టి, పోలేరమ్మ వెలిసిందను. ఎవురు గొడ్డలి ఎత్తుతారో చూద్దాం. మాను ఎంత ఎత్తుందో అంత దూరాన చుట్టూ రాళ్లు పేర్చు. మనుషులు రాళ్ల బయటే మొక్కాల, రాళ్లు దాటిన గొర్రె అమ్మకే బలి అని చెప్పు. అప్పుడు గానీ జనం నమ్మరు.”

యల్లయ్య ఎగిరి గంతేశాడు. ఆదివారం గిద్యోను చర్చికి పోయిన వేళ చూసి పని కానిచ్చాడు. అమ్మ కలలో కనపడిందని ఊరంతా చాటాడు. ఇంకేముంది, జనం టెంకాయలతో పరుగెత్తుకొచ్చారు! సోమవారం గిద్యోను గొడ్డలితో వచ్చి, జనాన్ని చూసి, తలగుడ్డ సర్దుకుని వెనక్కి తిరిగాడు. యల్లయ్య మీసం మెలేశాడు.

అసలు తిప్పలు అప్పుడు మొదలయ్యాయి. గొర్రెలకేం తెలుసు దేవతల సంగతి? అవి అలవాటుగా నీడకే పరుగు తీశాయి. పొట్టేలు రాళ్ల దగ్గరికి పోతే చాలు, “అమ్మకే! అమ్మకే!” అని జనం కేకలు. తాను తీసిన గోతిలో తానే పడ్డానని తిట్టుకుంటూ యల్లయ్య మందను ఎండలోనే నిలబెట్టుకున్నాడు.

తొమ్మిదో నాడు మధ్యాహ్నం పెనుగాలి లేచింది. ఫెళఫెళమని చప్పుడు! చూస్తుండగానే మాను మొదలంటా విరిగి, మంద మునుపు రోజూ పడుకునే చోటే కూలింది. ఒక్క కొమ్మ కూడా రాళ్లు దాటలేదు. ఒక్క గొర్రెపిల్లకైనా దెబ్బ తగల్లేదు.

యల్లయ్య ఒక్క పరుగున ఇల్లు చేరాడు. సంతోషంతో మాట తడబడింది.

“ఒసే గురమ్మా, బతికినామే! నీ ఉపాయం లేకుంటే నేనూ, మందా ఆ మాను కిందనే ఉందుము. గొడ్డలి పట్టుకొచ్చి ఆ మేస్త్రీ ఏం పీకినాడు?”

గురమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. “చెట్టు కొట్టమని కర్నూలు నుంచి కాయితమే రాలేదంట. ఆయన రాసి మూడు నెల్లయింది. ఆ గొడ్డలి ఉత్త బెదిరింపే.”

“ఆ సంగతి నీకెట్ల తెలుసు?”

“ఆ ఉపాయం చెప్పింది గిద్యోనే.”