పదకొండు ‘కుదరదండి’లు

“ఈ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ పెట్టడానికి అనుమతి లేదు. మీకున్న రెండు చోట్లూ నిండిపోయాయి.”

తెరమీద ఆ ముక్క చదివి పాముచెవులాయన పళ్ళు నూరాడు.

రికార్డింగ్ స్టూడియో నడిపే ఆయనకి ఆ పేరు ఊరికే రాలేదు. పక్కగదిలో ఎవరైనా పేజీ తిప్పితే పాత పుస్తకమో కొత్త పుస్తకమో చెప్పే రకం.

ఆ సాఫ్ట్‌వేర్‌ని ఒక్కొక్కరిని రెండు కంప్యూటర్లలోనే పెట్టుకోనిస్తారు. రెండు చోట్లూ నిండిన మాట నిజమే. ఒకటి పోయిన నెల కాలిపోయిన కంప్యూటర్. రెండోది ఎప్పుడో పాత సామాన్లవాడికి వేసేసింది.

కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేశాడు. ఒకమ్మాయి ఎత్తింది.

“పాత కంప్యూటర్ తెరిచి, అందులోంచి తీసేస్తే ఒక చోటు ఖాళీ అవుతుందండి.”

“అది కాలి బూడిదైందమ్మా. ఎలా తెరవను?”

“తెరవకపోతే కుదరదండి.”

“కొనుక్కున్నది నేను. నా ఇంట్లో ఎక్కడ పెట్టుకోవాలో మీరు చెబుతారా?”

“రూలండి.”

“పోనీ, ఇంకోటి కొంటాను.”

“ఈ రకం అమ్మడం ఆపేశారండి. కొత్తది రావడానికి రెండు నెలలు పడుతుంది.”

ఆయన దగ్గర రెండు నెలలు లేవు. పది రోజులున్నాయి.

గొంతు ఆపరేషన్‌తో ఆయన భార్యకి మాట పోయింది. ఆవిడ టైపు చేస్తే పైకి పలికే చిన్న మిషన్ ఒకటి ఆసుపత్రివాళ్ళు చేయించి ఇస్తామన్నారు. పది రోజుల్లో ఆవిడ పాత గొంతు గంటసేపు శుభ్రంగా రికార్డయినది తెచ్చిస్తే మిషన్ ఆ గొంతుతోనే పలుకుతుంది. తేకపోతే ముక్కూమొహం తెలియని ఎవరి గొంతుతోనో పలుకుతుంది.

కూతురు చిన్నప్పుడు ఆవిడ కథలు చదివిన టేపులున్నాయి. నిండా ఫ్యాన్ రొద, వీధిలో బళ్ళ మోత. గొంతుకి దెబ్బ తగలకుండా ఆ రొదని విడదీయడం ఈ ఒక్క సాఫ్ట్‌వేర్‌కే వచ్చు. ఊళ్ళో ఇంకెవరి దగ్గరా అది లేదు.

ఇదంతా ఆ అమ్మాయికి పూసగుచ్చినట్టు చెప్పాడు.

“అడిగి చూస్తానండి,” అంది.

మర్నాడు, “కుదరదంటున్నారండి. ఆవిడ ఎలా ఉన్నారండీ?” అంది.

“అది నీకెందుకు?”

ఏడు రోజులు, పదకొండు ఫోన్లు. ముప్పై ఏళ్ళలో ఎవరినీ బతిమాలని మనిషి, కూతురి వయసు పిల్లతో ‘నీ కాళ్ళు పట్టుకుంటాను’ అనేదాకా వచ్చాడు. దానికీ అదే జవాబు. తన నోటివెంట ఆ మాట వచ్చినందుకు ఆయనకి ఒళ్ళు మండిపోయింది.

“దీని అంతు చూస్తాను,” అన్నాడు భార్యతో.

ఆవిడ కాగితం మీద రాసింది: “పాపం, ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుందండీ?”

“నువ్వూరుకో.”

ఎనిమిదో రోజున కంపెనీకి ఘాటుగా ఒక ఉత్తరం రాసి పడేశాడు. తొమ్మిదో రోజు పొద్దున్నే ఆయన ఫోన్‌కి పేరులేని మెసేజ్ వచ్చింది. ఒక పొడవాటి నంబరు, దానికింద ఒకే వాక్యం: “ఇది వేసి చూడండి, ఎవరితోనూ అనకండి.”

వేశాడు. సాఫ్ట్‌వేర్ మారుమాట్లాడకుండా తెరుచుకుంది.

“చూశావా, ఒక్క ఉత్తరానికే దిగొచ్చారు,” అన్నాడు భార్యతో. “పరువు పోతుందని గుట్టుగా పంపారు.”

కుర్చీ దిగకుండా కూర్చుని, గంటసేపటి గొంతులోంచి రొద కడిగి, పదో రోజుకి ఆసుపత్రిలో ఇచ్చాడు. కొన్నాళ్ళకి మిషన్ చేతికొచ్చింది. భార్య టైపు చేసింది.

“ఏమండీ, ముందా చొక్కా మార్చుకోండి,” అంది మిషన్, అచ్చం ఆవిడ గొంతుతో.

ఆయన బావురుమన్నాడు.

ఏడుపు తీరాక కక్ష గుర్తొచ్చింది.

ఆ పదకొండు ఫోన్లూ ఆయన రికార్డు చేసే ఉంచాడు, వృత్తి అలవాటు. వాటిని ముందేసుకుని కోయడం మొదలుపెట్టాడు. “అడిగి చూస్తానండి” తీసేశాడు. “ఆవిడ ఎలా ఉన్నారండీ” పదిసార్లు వస్తే పదిసార్లూ తీసేశాడు. చివరి ఫోన్లో ఆ అమ్మాయి గొంతు జీరబోయిన చోటుంది, అదీ తీసేశాడు. పదకొండు ‘కుదరదండి’లు మిగిలాయి. వాటి వెనకున్న రొదని అదే సాఫ్ట్‌వేర్‌తో కడిగి, వరసగా గుచ్చి, డ్రమ్ము దరువు జోడించి, సౌండువాళ్ళ గ్రూపులోకి వదిలాడు.

రెండు రోజుల్లో అది ఊళ్ళు దాటింది. జనం ఫోన్ మోగితే అదే వినిపించేలా పెట్టుకున్నారు. పాముచెవులాయనకి కడుపు నిండిపోయింది.

భార్య కూడా విన్నది.

“మధ్యమధ్యలో కోసేశారు. అక్కడేమందండీ ఆ పిల్ల?” అని అడిగింది మిషన్‌తో.

“ఏదో అందిలే.”

వారం తిరక్కుండా కంపెనీ మేనేజరు ఫోన్ చేశాడు.

“క్షమించాలి సార్. మా పరువు బజారున పడింది. ఆ అమ్మాయిని నిన్న ఉద్యోగంలోంచి తీసేశాం.”

“మంచి పని చేశారు.”

“మీకు ఇంకో కంప్యూటర్‌లో పెట్టుకోడానికి అనుమతి కూడా ఇస్తున్నాం.”

“ఇప్పుడెందుకు? నేను ఉత్తరం రాసిన మర్నాడే నంబరొకటి ఇచ్చారుగా?”

“మీ ఉత్తరం నా బల్లమీదకి మొన్ననే వచ్చింది సార్. మేమేమీ ఇవ్వలేదే? ఏదీ, ఆ నంబరు ఒకసారి చదవండి.”

పాముచెవులాయన చదివాడు. అవతల మీటలు నొక్కిన చప్పుడు వినిపించింది. అదే వరసలో ఇంకోసారి నొక్కిన చప్పుడు.

“ఏమైందండీ?”

“ఇది బయటివాళ్ళకి ఇచ్చేది కాదు సార్. మావాళ్ళకి ఉద్యోగంలో చేరిన రోజున తలా ఒకటి ఇస్తాం, ఇంకొకరి చేతికిస్తే ఉద్యోగం పోతుందని సంతకం కూడా పెట్టించుకుంటాం,” అన్నాడు మేనేజరు. “ఈ నంబరు మేం నిన్న తీసేసిన అమ్మాయిది.”