పద్నాలుగో అంకె

"ఒప్పు ఎవరు రాసినా ఒకేలా ఉంటుంది సార్. తప్పు కూడా ఒకేలా ఉందంటే అది దొంగసొత్తే," అంటూ ఎదుటి కంపెనీ ఆయన రెండు కాగితాలు మేనేజరు బల్ల మీద పక్కపక్కన పరిచాడు.

రెండు కంపెనీలూ తయారుచేసిన ప్రోగ్రామింగ్ భాషల్లోని, వృత్తం లెక్కల్లో వాడే 'పై' విలువ అది. మూడు పాయింటు ఒకటి నాలుగు అంటూ బుద్ధిగానే సాగి, పాయింటు తర్వాత పద్నాలుగో అంకె దగ్గర తొమ్మిది ఉండాల్సిన చోట రెండింట్లోనూ ఆరు కూర్చుంది. లెక్కల్లో వెంట్రుకవాసి తేడా కూడా రాదు కనుక ఇన్నాళ్లూ ఎవరి కంటా పడలేదు.

"మీకంటే మూడు నెలలు ముందు మా భాష బయటికొచ్చింది. ఎవరు ఎవరిది కాజేశారో వేరే చెప్పాలా?"

మేనేజరు పక్కనే ఉన్న తమ ఆఫీసు పెద్దాయన వైపు తిరిగాడు. తమ భాషకు ఇలాంటి విలువలన్నీ రాసిచ్చింది ఆయనే.

"మీరు చేత్తో రాసిన కాగితం ఏదండీ?"

"ఫైల్లోనే పెట్టాను. వెతికితే కనబడట్లేదు."

"అయితే రేపట్నుంచి మీరు రానక్కర్లేదు."

గుమ్మం దగ్గర టైపిస్టు నిలబడి ఉంది. ఆ కాగితం ఆమె సంచిలోనే ఉంది. ఫిర్యాదు వచ్చిన రోజే ఫైల్లోంచి లాగేసింది. సగంలో ఆగిన చదువుకు ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు? పెద్దాయనకేం, ఎక్కడైనా బతుకుతాడని రెండు రోజులుగా మనసుకు సర్దిచెబుతూనే ఉంది. కానీ తన చంటిపాపను చూసేవాళ్లు లేరంటే, ఆఫీసుకే తెచ్చుకోమన్నది ఆయనే.

"తప్పు మీది కాదు బాబాయ్, నాది." పిన్ను కొట్టిన రెండు కాగితాలు బల్ల మీద పెట్టింది. "మీరు సరిగ్గానే రాశారు. టైపు చేస్తుంటే పాప ఒళ్లో ఉంది. నేను తొమ్మిది నొక్కేలోపు అది ఆరు మీద చెయ్యేసింది. చూసుకోలేదు. రెండోది ఆ రోజు తీసిన ప్రింటు."

"తెలిసీ దాచావా?" అన్నాడు మేనేజరు.

"ఉద్యోగం పోతుందని... నన్ను తీసెయ్యండి సార్. ఆయన్ని వద్దు."

మేనేజరు ప్రింటు మీద తేదీ చూశాడు. ఏడాది కిందటిది, ఎదుటి కంపెనీ భాష బయటికి రాకముందుది. ఆరు అందులోనూ ఉంది. దాన్ని ఎదుటి కంపెనీ ఆయన ముందుకు జరిపాడు. ఆయన చూశాడు. తన కాగితాలు గబగబా సర్దుకోబోయాడు.

పెద్దాయన కళ్లద్దాలు తుడిచి పెట్టుకుని, తాపీగా అడిగాడు: "మరి మీ ఆఫీసులో ఆరు నొక్కింది ఏ పాపాయి బాబూ?"